మాఱువేషమును సాక్ష్యమును

అవమానమును భరించువానికి ఓర్పు బోధించుట లోకమున కలవాటు. అవమానించువానికి సిగ్గు బోధించుట యరుదు. అమెరికా దేశపు నల్లజాతి రచయితలు ఇటీవల వ్రాసిన మూడు నవలలు చదువగా మాకీ సంగతి మరల స్ఫురించినది. జాతిద్వేషమున నలిగినవారు బ్రతుకుటకై త్రొక్కిన దారుల నవి చూపుచున్నవి.

బ్రిట్ బెనెట్ 2020లో ప్రకటించిన 'ది వానిషింగ్ హాఫ్'లో కవలలలో నొకతెయగు స్టెల్లా, మేనిచాయ తెలుపగుటచే, తెల్లజాతి స్త్రీగా చలామణి యగును. ఆమెకు సుఖము దొరకెను గాని నిర్భయము దొరకలేదు. తమ పేటకు నల్లజాతి కుటుంబము రానున్నదని తెలిసినప్పుడు, వలదని సభలో లేచి పలికినది ఆమెయే!

పెర్సివల్ ఎవరెట్ 2024లో వెలువరించిన 'జేమ్స్', మార్క్ ట్వేన్ చెప్పిన హకిల్‌బెరీ ఫిన్ కథను బానిస నోట మరల చెప్పించినది. జేమ్స్ చదువు నేర్చినవాడు. అయినను దొరల యెదుట వచ్చీరాని మాటలే పలుకును. పిల్లలకును ఆ పలుకే పాఠముగా నేర్పును. తెలివి బయటపడిన ప్రాణాపాయము గదా!

ఈ యుపాయములను పిరికితనమని నిందించుట మాకు సమ్మతము గాదు. ప్రాణము నిలుపుకొనుట దోషమా? కాని యివి ఒక్కని గాచునే గాని ద్వేషమును కదల్పజాలవు.

కోల్సన్ వైట్‌హెడ్ 2019లో ప్రకటించిన 'ది నికెల్ బాయ్స్' మఱియొక దారి చూపినది. ఫ్లారిడా రాష్ట్రమున మేరియానాలో 1900 మొదలు 2011 వఱకు నడచిన డోజియర్ బాలశిక్షాలయము దానికి మూలము. ఆ యావరణమున విశ్వవిద్యాలయ పరిశోధకులు 55 సమాధులను కనుగొనిరి. కథలో ఎల్‌వుడ్ అను బాలుడు, పిల్లల సరకులను అధికారులు అమ్ముకొనుటను వివరముగా వ్రాసియుంచి, తనిఖీకి వచ్చినవారికి అందజేయించును. ఫలమేమి? చీకటిగది, పిదప తుపాకిగుండు. తలవంచి బ్రతుకుమని హితవు చెప్పిన మిత్రుడు టర్నర్ తప్పించుకొని, చనిపోయినవాని పేరుతోనే జీవించి, వయసు మళ్లిన పిదప సాక్ష్యము చెప్ప బయలుదేరును.

న్యాయవాదులమగు మాకు ఈ ఘట్టము మనసున నాటినది. అమెరికాలో 1964లోనే పౌరహక్కుల చట్టము వచ్చినది. కాని చట్టమునకు స్వయముగా కన్నులు లేవు. సాక్షి కన్నులే దాని కన్నులు. సాక్షికి ధైర్యము కావలెనని యందఱు చెప్పుదురు. వినువానికి అంతకు మించిన ధైర్యము కావలెనని చెప్పువా రేరి? ఎల్‌వుడ్ కాగితము నందుకొన్నవారు వానికి అండగా నిలిచియుండిన, వాడు బ్రతికియుండెడివాడు కాడా?

కావున జేమ్స్ తెలివిని, ఎల్‌వుడ్ తెగువను మెచ్చుకొని పుస్తకము మూయుట చాలదు. మన యెదుట ఎవడైన తన పేరును, పలుకును, పుట్టుకను దాచుకొనుచున్నయెడల, ఆ దాచుట వాని నేరమా, మన నేరమా యని పాఠకులు తమ్ము తామే ప్రశ్నించుకొందురు గాక!