ఎవరి లోతు వారిది

అక్వేరియం షాపులో ఫైటర్ చేపల లెక్కే వేరు. గప్పీలు, గోల్డ్ ఫిష్‌లు, టెట్రాలు పెద్ద తొట్లలో గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి. ఇవి మాత్రం చిన్న చిన్న గాజు సీసాల్లో ఒక్కోటీ విడివిడిగా ఉంటాయి. సీసాకీ సీసాకీ మధ్య ఒక అట్టముక్క. ఆ అట్ట పైకి తీస్తే చాలు, అప్పటిదాకా నిద్రమత్తులో ఉన్నట్టు వేలాడిన తోక నిండుగా విచ్చుకుంటుంది. మొప్పలు పక్కలకు తెరుచుకుని తల రెండింతలవుతుంది. అవతలి సీసాలోదీ అదే వరస. మధ్యలో రెండు గాజు గోడలున్నాయన్న సంగతి రెండింటికీ పట్టదు. అట్ట మళ్లీ దింపాక కూడా ఆ రోషం చల్లారడానికి కాసేపు పడుతుంది.

మచిలీపట్నంలోనైనా గుడివాడలోనైనా ఫైటర్‌ని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు కొన్నాళ్లకు మళ్లీ షాపుకొచ్చి ఒక మాట అడుగుతారు. "పాపం, ఒక్కటే ఉంటోందండీ. తోడుగా ఏం వేయమంటారు?" చాలాసార్లు అది ఇంట్లో పిల్లలు పుట్టించిన మాట. ఒంటరిగా కనిపించినదానికి తోడు వెతకాలనిపించడం మెత్తని మనసుకు సహజమే. జవాబే అంత తేలిక కాదు.

ఈ చేప పుట్టిల్లు థాయిలాండ్. వరిచేలు, బోదెలు, నాచు పట్టిన లోతు తక్కువ నీళ్లు దాని కాపురం. ఆ మాట వింటే కృష్ణా డెల్టాలోని మన దివిసీమే కళ్లముందుకొస్తుంది. అక్కడివాళ్లు దీన్ని తరతరాలుగా పందేలకు పెంచారు. బెట్టా స్ప్లెండెన్స్ అన్న శాస్త్రీయ నామం 1910లో పెట్టారు. 2019లో థాయ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా గుర్తించింది.

ఇంత పౌరుషం ఉన్న మగచేప, పిల్లల దగ్గరికొచ్చేసరికి మరోలా మారిపోతుంది. నీటి పైన నోటితో బుడగలు ఊది గూడు కడుతుంది. గుడ్లు జారి కింద పడుతుంటే ఒక్కొక్కటే నోట కరుచుకుని తెచ్చి మళ్లీ గూట్లో పెడుతుంది. పిల్లలు ఈదేదాకా కాపలా ఉంటుంది. గుడ్లు పెట్టిన ఆడచేపను కూడా ఆ దరిదాపులకు రానివ్వదు. దాని ప్రేమకీ కోపానికీ హద్దు ఒక్కటే, ఆ కాస్త చోటు.

మరి చేలల్లో ఇవి కొట్లాడుకోవా అంటే కొట్లాడుకుంటాయి. అయితే ఓడిన చేప గడ్డి చాటున తప్పుకుంటుంది, గెలిచినది దాన్ని వదిలేస్తుంది. నాలుగు అద్దాల మధ్య అలా తప్పుకోవడానికి దారి లేదు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటాం. అలా అన్నప్పుడు కత్తులనే తప్పుపడతాం గాని, ఒర ఎంత ఇరుకో చూడం.

సీసాలో బతుకుతోంది కదా, దానికి ఆ చోటు చాలులే అనుకునేవాళ్లూ ఉన్నారు. ఫైటర్ పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. మన కొరమీనూ అంతే. సంతలో తడి గోనె కింద గంటల తరబడి కదులుతూనే ఉంటుంది. అంతమాత్రాన కొరమీనుకు గోనె హాయిగా ఉందని ఎవరూ అనరు. ఒక్క ఫైటర్‌కైనా ఇరవై లీటర్ల తొట్టి ఉంటే మంచిదని పెంపకం తెలిసినవాళ్లు చెబుతారు. తోడు కూడా కావాలంటే నలభై లీటర్లు ఉండాలంటారు.

ఆ తోడు ఎవరన్నది ఇంకో చిక్కు. గప్పీ సాధువే, కానీ దాని రంగురంగుల తోక చూసి ఫైటర్ మరో ఫైటరనుకుని మీద పడుతుంది. టైగర్ బార్బ్‌తో గొడవ అటునుంచి వస్తుంది, అది ఫైటర్ తోకనే కొరికేస్తుంది. గౌరామీ దగ్గరి చుట్టం, దాయాదుల పోరు తప్పదు. గోల్డ్ ఫిష్‌కి చల్లటి నీళ్లు కావాలి, తొట్టిని మురికి చేయడంలోనూ దానిది పెద్దచెయ్యి. గొడవ పడకపోయినా ఆ ఇద్దరికీ ఒక ఇల్లు కుదరదు.

కుదిరేవీ ఉన్నాయి. కోరీడోరస్ అని బుజ్జి మీసాల చేపలు అడుగునే ఇసుకలో వెతుక్కుంటూ తిరుగుతాయి. వాటికి వాటి జట్టు ఉండాలి, అరడజనుకు తగ్గకూడదు. కూలీ లోచ్ పాములా సన్నగా ఉండి, పగలు దాక్కుని రాత్రి బయటికొస్తుంది. నత్తలు అద్దం మీద పాచి తింటూ తమ దారిన తాము పోతాయి. చిన్న రాస్బోరాలు గుంపుగా నడిమి నీళ్లలో ఉంటాయి. ఫైటర్ ఎక్కువగా పైనే ఉంటుంది. మొక్కలు దట్టంగా నాటితే ఒకదాని కంటికి ఒకటి అస్తమానం ఆనదు. అనుభవం ఉన్నవాళ్లు మిగతావాటిని ముందు వదిలి, ఫైటర్‌ని చివర్లో వదులుతారు. ముందే వస్తే తొట్టంతా తనదే అనుకుంటుందట. ఇన్ని చేసినా కొన్ని ఫైటర్లు ఎవరినీ ఒప్పుకోవు. అప్పుడు దాన్ని దాని మానాన వదిలేయడమే.

ఈ పొత్తుల విద్య మన చెరువుల వాళ్లకు కొత్తేం కాదు. బొచ్చె పైనీళ్లలో తింటుంది, శీలావతి నడిమి నీళ్లలో, ఎర్రమోసు అడుగున. మూడూ ఒకే చెరువులో ఉన్నా ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు. ఇలాంటి మిశ్రమ పెంపకం మీద 1971లో దేశమంతా కలిపి ఒక పరిశోధన పథకమే మొదలైంది. మన కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు తమ అనుభవాన్ని బట్టి ఆ మిశ్రమాన్ని ఇంకా కుదించుకున్నారు. శీలావతి ఎక్కువగా, బొచ్చె తక్కువగా వేసుకుంటారు. చెరువులో గుంజలు పాతి, అడుగున చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు నింపి వేలాడదీస్తారు. చేపలు వాటంతటవే వచ్చి మూతితో పొడుచుకు తింటాయి. నీళ్లు వచ్చే తూముకు మాత్రం సన్న వల కట్టడం మరిచిపోరు. వాలుగ పిల్లో కొరమీను పిల్లో జొరబడితే పొత్తంతా చెడుతుంది. పండుగప్ప పెంచేవాళ్లదైతే ఇంకో అవస్థ. ఒక తల్లి పిల్లలే అయినా, కాస్త పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. అందుకని సైజుల వారీగా అస్తమానం ఏరి వేరు చేస్తుండాలి.

కోడూరు దాటి హంసలదీవి మీదుగా పాలకాయతిప్ప వెళితే, ఇవన్నీ ఎవరూ ఏర్పాటు చేయకుండానే జరిగిపోతుంటాయి. అక్కడ కృష్ణ పాయ ఒకటి సముద్రంలో కలుస్తుంది. నది నీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే ఆ బురదలో మడ చెట్లు. తెల్లమడ ఊపిరి వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి, మనిషి అడుగు పెట్టే సందు కూడా ఉండనివ్వవు. పోటుకు పెద్ద చేపలు వేటకి పాయల్లోకి ఎక్కుతాయి. రొయ్య పిల్లలు, బుల్లి చేపలు ఆ వేళ్ల సందుల్లోకి దూరిపోతాయి. పెద్ద నోరు అక్కడిదాకా రాలేదు. ఆటుకు నీళ్లు దిగాక పీతలు బొరియల్లోంచి బయటికొస్తాయి. తినేదీ, తినబడేదీ ఒకే చోట కాపురం ఉంటున్నాయంటే, అవి మంచివైపోయి కాదు. తప్పుకోవడానికి దేని సందు దానికి ఉంది.

మన పాత ఇళ్లూ అలాగే నడిచాయేమో. ఉమ్మడి కుటుంబాల గురించి చెప్పుకునేటప్పుడు అందరం ఎంత కలిసిమెలిసి ఉండేవాళ్లమో తలుచుకుంటాం. అది నిజమే. ఆ కలిసి ఉండటానికి సాయపడిన దూరాలను మాత్రం మరిచిపోతాం. తాతయ్య అరుగు మీద, నాయనమ్మ వంటింటి గడప దగ్గర, బాబాయి పశువుల పాకలో, కోడళ్లు పెరట్లో బావి దగ్గర. ఒకరి మీద ఒకరికి విసుగొచ్చినా, తప్పుకుని కూర్చునేందుకు వేపచెట్టు నీడైనా ఉండేది. సాయంత్రానికి ఆ విసుగు ఎటు పోయిందో ఎవరికీ గుర్తుండేది కాదు. ఇప్పుడు రెండు గదుల అపార్ట్‌మెంటులో ఆ మనుషులే, ఆ మనసులే. మాట పట్టింపులు మాత్రం ఎక్కువయ్యాయని బాధపడతాం. మనుషులు మారిపోయారని తేల్చేస్తాం. మారింది అరుగేమో.

డెల్టా ఊళ్లలో ఇప్పుడు చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటున్నారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఒక్కడివే ఎందుకు నాన్నా, వచ్చేయరాదూ అని రోజూ ఫోనులో అడుగుతారు. ఆ అడగడంలో ఉన్నదంతా ప్రేమే. ఆయన ఏదో ఒక సాకు చెబుతాడు. కొబ్బరికాయలు దింపించాలంటాడు, నాట్లు అయిపోనీ అంటాడు. నిజానికి ఆయనకు పొద్దున్నే కాలవ గట్టు మీద నడక, కొట్టు దగ్గర టీ, పేపరు, మధ్యాహ్నం కునుకు, ఎవరినీ అడగకుండా తిప్పుకునే టీవీ ఉన్నాయి. కొందరికి అది నిజంగానే ఒంటరితనం. వాళ్లకు తోడు కావాలి, ఆలస్యం చేయకూడదు. ఇంకొందరికి అది వాళ్లు ఇష్టపడి ఉంచుకున్న కాస్త చోటు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా దగ్గరుండి చూస్తేనే తెలుస్తుంది.

సంక్రాంతికి అలాంటి ఇల్లే కిటకిటలాడిపోతుంది. అరిసెలు, మనవల అల్లరి, వాకిట్లో వరసగా కార్లు. ముక్కనుమ దాటాక ఒక్కో కారూ కదులుతుంటే ఆ పెద్దాయన కళ్లు చెమ్మగిల్లుతాయి. అవన్నీ వెళ్లిపోయాక, తన కుర్చీ తన చోటికి జరుపుకుని కూర్చుంటే హాయిగానూ ఉంటుంది. ఆ హాయి సంగతి ఎవరికీ చెప్పడు, పిల్లలు నొచ్చుకుంటారని. నొచ్చుకోనక్కర్లేదు. వాళ్లు వచ్చినప్పటి సంబరమూ నిజమే, వెళ్లాకటి స్థిమితమూ నిజమే. వచ్చే పండక్కి ఆయన మళ్లీ వాళ్ల కోసం ఎదురు చూసేది ఆ రెండూ ఉన్నాయి గనకే.