టీచరమ్మకి సెలవెందుకంటే...

మా శంషాబాద్‌లో ఏ మాటా పూర్తిగా వినపడదు. 2008లో ఎయిర్‌పోర్టు వచ్చింది మొదలు సగం మాట మనది, సగం విమానానిది. అయినా మొన్న శనివారం డాన్సు క్లాసు గేటు దగ్గర జరిగిన అమ్మల, అమ్మమ్మల సభలో ప్రతి మాటా నాకు శుభ్రంగా వినపడింది.

గేటుకి చిన్న కాగితం అంటించి ఉంది. కూచిపూడి ఉపాధ్యాయుల శిక్షణ శిబిరానికి వెళ్తున్నాననీ, ఆరు రోజులు క్లాసులుండవనీ. అంతే!

"ఇంకా నేర్చుకోవడమేమిటండీ? రాకుండానే మన పిల్లలకి చెబుతోందా?" అందొకావిడ. "ఆరు రోజుల ఫీజు తగ్గించి ఇద్దాం" అని ఇంకొకావిడ వేళ్ల మీద లెక్క కూడా కట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ లెక్కలావిడ అల్లుణ్ణి కిందటేడు కంపెనీ వాళ్లు ట్రైనింగని విమానమెక్కిస్తే కాలనీ అంతా లడ్డూలు పంచింది. నేనూ రెండు తిన్నాను. పాపం అల్లుడుగారికి పని రాదు కాబోలని మేమెవరమైనా అన్నామా? ఆయన టిక్కెట్టూ కంపెనీదే, ఆ రోజుల జీతమూ కంపెనీదే. టీచరమ్మకి బస్సు చార్జీ సొంతం, శిబిరం రుసుము సొంతం, పైగా మన కోత! బడిపంతుళ్లకైతే మాదాపూర్‌లో సీసీఆర్‌టీ కేంద్రం ఉంది. 1979లో పుట్టిన ఆ సంస్థ కళల్ని పాఠాల్లో ఎలా కలపాలో వాళ్లకి నేర్పుతుంది. ముందుగదిలో చాప చుట్టేసి పాతికమంది పిల్లలకి తాళం వేసే మనిషిని పిలిచి నేర్పేదెవరు?

మా మనవరాలి సంగతి చెప్తాను. ఇదివరకు వేరే చోట నేర్చుకునేది. పాలరాతి నేల మీద అడుగులు దబదబా కొట్టించేవారు. మోకాళ్లు నొప్పంటే "సాధన చాలలేదు" అనేవారు. నేనూ అలాగే నమ్మి, రాత్రుళ్లు నూనె రాసి మర్నాడు మళ్లీ పంపించేదాన్ని. ఆ తప్పు నాదే. ఈ టీచరమ్మ కిందటిసారి ఇలాంటి శిబిరం నుంచే వచ్చి, ముందు ఒళ్లు వేడెక్కించడం, తర్వాత అరమండి, గట్టి నేల మీద గెంతులు తగ్గించడం మొదలుపెట్టింది. తరంగం కోసం ఇత్తడి పళ్లెం ఎక్కించమని మేం తొందరపెడుతుంటే "నేల మీద నిలబడ్డం రానివ్వండమ్మా" అని నవ్వింది. పిల్ల ఇప్పుడు నూనె సీసా అడగడం లేదు.

ఫోన్లో చూసి నేర్చుకోవచ్చు కదా అంటారు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసే ఘట్టం ఫోన్లో వందసార్లు చూడొచ్చు. మీ భుజం ఎక్కడ జారిందో ఫోను చెప్పదు. ఎదురుగా కూర్చున్న పెద్ద గురువు చెబుతారు. ఇదేం కొత్త వింతా కాదు. 1959లోనే మన హైదరాబాదులో సంగీత నాటక అకాడమీ సదస్సు పెట్టి కూచిపూడి మీద చర్చ జరిపింది. ఆ పెద్దవాళ్లకి లేని నామోషీ మనకెందుకు?

శాలువా కప్పి, సర్టిఫికెట్టు చేతిలో పెట్టి, గ్రూపు ఫొటో తీసి పంపేసే శిబిరాలూ ఉన్నాయి, నాకు తెలుసు. వాటికి వెళ్తానంటే నేనే గేటుకి అడ్డం నిలబడతాను. వెళ్లొచ్చాక క్లాసులో ఏం మారిందో అడగండి, తప్పులేదు. వెళ్లొద్దనడానికి మాత్రం మనమెవరం?

2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా ఒక్కసారి కూచిపూడి ఆడితే గిన్నిస్ రికార్డని మురిసిపోయాం. అంతమందీ ఒకే తాళానికి అడుగు వేశారంటే, ఏ వీధిలోనో ఏ ముందుగదిలోనో ఒక టీచరమ్మ గొంతు పోయేలా తాళం చెప్పి ఉండాలి.

సోమవారం ఆమె వస్తోంది. కవర్లో నెల ఫీజు పూర్తిగా పెట్టాను. లెక్కలావిడ నా చేతిలో కవరు చూసి, "మీరు తగ్గించలేదా వదినగారూ?" అంది. సరిగ్గా అప్పుడే పైన విమానం. అది వెళ్లేదాకా ఆగి, "లేదండీ" అన్నాను, వీధంతా వినపడేలా.