ఆకాశంలో జీవం - మన కాలేజీలో గోడలు

ఆస్ట్రోబయాలజీ అన్న మాట నా నోటివెంట వస్తే చాలు, మా హాస్టల్లో రెండు రకాల నవ్వులు వినిపిస్తాయి. "జాతకాలు చెప్పే చదువా?" అనేది ఒక రకం. "గ్రహాంతరవాసులు సినిమాల్లో వుంటారు గాని సిలబసులో వుంటారా?" అనేది రెండో రకం. మొదటివాళ్లతో పేచీ లేదు. పేరులో నాలుగక్షరాలు కలిసినంత మాత్రాన ఆస్ట్రాలజీకీ దీనికీ చుట్టరికం రాదు. రెండోవాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు. భూమి తప్ప మరెక్కడైనా జీవం వుందా, వుంటే ఇంత దూరం నుంచి దాన్ని ఎలా గుర్తుపట్టాలి, అసలు ఈ భూమ్మీద జీవం ఎలా నిలదొక్కుకుంది అని ఆరా తీసే శాస్త్రం ఇది. తెలుగులో ఖగోళ జీవశాస్త్రం అనుకోవచ్చు.

అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 1999లో ఈ విషయంలో పి.హెచ్.డి. శిక్షణ ప్రారంభించింది. (వాషింగ్టన్ అనగానే వాళ్ల రాజధాని అనుకునేరు. ఇది పడమటి తీరాన వున్న వాషింగ్టన్ రాష్ట్రం.) నన్ను ఆకట్టుకున్నది వాళ్ల టెలిస్కోపులు కాదు, పద్ధతి. అక్కడి విద్యార్థి ఖగోళశాస్త్రంలోనో, భూగర్భశాస్త్రంలోనో, సముద్రశాస్త్రంలోనో, సూక్ష్మజీవశాస్త్రంలోనో తన డిపార్టుమెంటులోనే చేరతాడు. కాని తన సబ్జెక్టు కాని మరో చోటికి వెళ్లి కొంతకాలం పరిశోధన చేసి తీరాలి. నక్షత్రాల లెక్కలు వేసేవాడు వెళ్లి బురదలో బాక్టీరియాను వెతకాలన్నమాట. చివరికి పట్టాలో సొంత సబ్జెక్టు పేరూ, ఆస్ట్రోబయాలజీ పేరూ రెండూ వుంటాయి.

ఈ పద్ధతి వల్ల ఒరిగిందేమిటని అడిగేవాళ్లకు ఒక చినుకు కథ చెబుతాను. మెట్ట సేద్యం చేసే ఇంటినుంచి వచ్చినవాణ్ణి గనుక నాకది మరీ నచ్చింది. తొలకరి చినుకులు దుమ్ములో పడితే చిన్నచిన్న గుంటలు పడతాయి. వాటిని చూసి మా నాయన "ఇది పదును వాన కాదులే" అని మళ్లీ అరుగుమీద కూర్చుంటాడు. 270 కోట్ల సంవత్సరాల కిందట, ఇప్పటి దక్షిణాఫ్రికా వున్న చోట, అగ్నిపర్వతపు బూడిద మీద సరిగ్గా అలాంటి చినుకులే పడ్డాయి. ఆ గుంటలు చెదిరిపోక ముందే పైన మళ్లీ బూడిద కమ్మింది. అంతా గట్టిపడి రాయి అయింది. ఆ రాతిమీది గుంటలను సంజోయ్ సోమ్ అనే పరిశోధక విద్యార్థి రబ్బరు అచ్చులు తీసి, లేజరుతో కొలిచాడు.

ఎందుకు కొలిచినట్టు? గాలి దట్టంగా వుంటే చినుకు నెమ్మదిగా దిగుతుంది, గుంట చిన్నదవుతుంది. గాలి పలచనైతే వేగం హెచ్చి గుంట పెద్దదవుతుంది. మన ఫిజిక్సు లేబులో ఆముదం జాడీలో గుండ్లు వదిలి కొలుస్తామే, ఆ టెర్మినల్ వెలాసిటీయే ఇది. (పెద్ద చినుక్కు స్టోక్స్ సూత్రం నేరుగా వర్తించదు గాని భావం ఒకటే.) చినుకు ఎంత పెద్దదైనా సుమారు ఏడు మిల్లీమీటర్లు దాటదు, అంతకు మించితే చిట్లిపోతుంది. కాబట్టి గుంట సైజునుంచి ఆనాటి గాలి సాంద్రతను అంచనా కట్టవచ్చు. ఈ ఆలోచన కొత్తదేం కాదు, 1851లో చార్లెస్ లయల్ అన్నదే. చేసి చూసినవాళ్లు లేరు. సోమ్ చేసిన ప్రయోగం కూడా ఎంత సాదాదో చూడండి! అగ్నిపర్వతాల బూడిద తెప్పించి, 27 మీటర్ల ఎత్తునుంచి రకరకాల సైజుల నీటిబొట్లు దానిమీద వదిలాడు. పడిన గుంటలు చెదరకుండా జుట్టుకు కొట్టుకునే హెయిర్ స్ప్రేతో గట్టిపరిచాడు. ఆనాటి గాలి ఇప్పటికంటె రెండింతలకు మించి దట్టంగా లేదని 2012లో 'నేచర్' పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది. ఆ రోజుల్లో సూర్యుడి వెలుగు ఇప్పటికంటె అయిదోవంతు తక్కువ. అయినా సముద్రాలు గడ్డకట్టలేదు. గాలి దట్టంగా వుండి దుప్పటిలా కాపాడిందనే వాదానికి ఈ చినుకులు అడ్డుపడ్డాయి.

ఇక్కడితో కథ అయిపోతే నేను ఇంతగా చెప్పేవాణ్ణి కాదు. 2015లో మరో ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఆనాటి వాన ఎంత జోరుగా కురిసిందో తెలియకుండా ఈ లెక్క గట్టిగా నిలవదన్నారు. 2016లో సోమ్, ఆయన గురువు రోజర్ బ్యూయిక్, మరికొందరు కలిసి ఆస్ట్రేలియాలోని అంతే వయసున్న లావా రాళ్లలో చిక్కుకున్న గాలిబుడగలను కొలిచి, ఆనాటి వాయుపీడనం ఇప్పటిదాంట్లో సగానికి లోపేనని మరో దారిలో చూపించారు. ఒక అంచనా మీద సందేహం వస్తే అలిగి కూర్చోక, ఇంకో సాక్షిని వెతుక్కుంటూ పోవడం! మన రికార్డు పుస్తకాల్లో జవాబు ముందే రాసుకుని, దానికి సరిపడా రీడింగులు తర్వాత నింపే అలవాటు ఎవరికి లేదో గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి. నాకైతే వుంది.

రెండో కథ మా చేనుదే అనుకోండి. వేరుశనగ పీకినప్పుడు వేళ్లకు బుడిపెలు వుంటాయి. అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పైరుకు ఆహారంగా మారుస్తుంది. అదే పని ఫాక్టరీలో చెయ్యాలంటే నాలుగైదు వందల డిగ్రీల వేడి, వందల రెట్లు వత్తిడి కావాలి. ఆ ఖరీదే మనం యూరియా బస్తాలో మోసుకొస్తున్నాం. ఈ విద్య జీవులకు ఎప్పుడు పట్టుబడింది? జన్యువులను బట్టి చూస్తే 150 నుంచి 220 కోట్ల ఏళ్ల కిందట అని అంచనా వుండేది. ఈవా స్ట్యూకెన్ అనే విద్యార్థిని తన పి.హెచ్.డి. పనిలో భాగంగా దక్షిణాఫ్రికా, వాయవ్య ఆస్ట్రేలియాల నుంచి తెచ్చిన 52 రాతి నమూనాల్లో నత్రజని ఐసోటోపుల నిష్పత్తి కొలిచింది. 320 కోట్ల ఏళ్లనాటి రాళ్లలోనే ఆ జాడ కనబడింది. పైగా అది మాలిబ్డినం లోహంతో పనిచేసే ఎంజైము జాడ. 2015లో ఈ సంగతి ప్రచురించారు. ఇవాళ వేరుశనగ బుడిపెలో పనిచేసేదీ మాలిబ్డినం ఎంజైమే. ఇది చదివిన రోజు రాత్రి ఇంటికి ఫోను చేసి చెప్పాను. మా నాయన అంతా విని, "అంత పాతదా! మరి మనకెందుకు దిగుబడి ఇట్లుంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో విద్యార్థి రోడ్రిగో లూగర్. దాదాపు 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 అనే చిన్న నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలున్నాయి. వాటి పరిభ్రమణాల మధ్య వుండే తాళం లెక్కను బట్టి ఏడో గ్రహం చుట్టు తిరగడానికి 19 రోజులకు కాస్త తక్కువ పట్టాలని అతనూ సహచరులూ ముందే అంచనా కట్టారు. కెప్లర్ టెలిస్కోపు పంపిన వివరాల్లో అదే తేలింది. 2017 నాటి మాట.

"ఇన్నేళ్ల నుంచి వెతికి ఒక్క పురుగునైనా పట్టారా?" అని మా గదిలో మిత్రుడి ప్రశ్న. పట్టలేదు. దాచడమెందుకు? కాని పైన చెప్పిన మొదటి రెండు కథల్లో వాళ్లకు దొరికినది ఈ భూమి గురించినదే. మన వాన, మన గాలి, మన నేల బలం ఎక్కడినుంచి వచ్చాయన్నదే. అది చాలదా?

ఇదంతా డబ్బున్న దేశాల సరదా అనేవాళ్లు హైదరాబాదు సంగతి మరిచిపోకూడదు. 2001లోనూ, 2005లోనూ అక్కడి బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో సాయంతో పెద్ద బెలూన్లు ఎగరేశారు. కీర్తిశేషులు జయంత్ నార్లికర్ ఆ ప్రయోగానికి పెద్ద దిక్కు. రెండోసారి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చి, హైదరాబాదు సి.సి.ఎం.బి.లోనూ పూణేలోనూ పరీక్షిస్తే మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ప్రకటించారు. అవి ఆకాశంనుంచే దిగాయని మాత్రం తేల్చి చెప్పలేదు. ఆ నిజాయితీకి నమస్కారం. ఆ మూడింటిలో ఒకదానికి ఆర్యభట్టు పేరు పెట్టారు. తర్వాత అదే జాతి కొరియాలో సోయాచిక్కుడు వేళ్ల దగ్గరి మట్టిలోనూ కనబడింది! ఆ బెలూను పనిలో ఖగోళశాస్త్రజ్ఞుడూ, బాక్టీరియా పెంచేవాడూ ఒకరికొకరు అవసరమయ్యారు.

మరి మన దగ్గర? మేము ఎం.పి.సి. వాళ్లం, వాళ్లు బి.జెడ్.సి. వాళ్లు. మధ్యలో నడవా పన్నెండడుగులే. మూడేళ్లలో దాన్ని దాటే పని సిలబసులో లేదు. పోయిన సంక్రాంతికి ఇంటినుంచి వస్తూ వేరుశనగ వేళ్లు తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. బుడిపె పనిచేస్తూ వుంటే కోసినప్పుడు లోపల గులాబి రంగు వుంటుందని చదివి, మైక్రోస్కోపు కింద చూద్దామని ఆశ. ఒక లేబు గుమ్మంలో "మీ గ్రూపువాళ్లకిక్కడేం పని?" అని తిప్పి పంపారు. మందలించినవారి తప్పు అనను. అద్దం పగిలితే జవాబు చెప్పాల్సింది వారే. హాస్టల్లో బ్లేడుతో కోసి చూసుకున్నాను. గులాబి రంగే! బాక్టీరియా మాత్రం కంటికి కనబడదు గదా.

మనకు ఆస్ట్రోబయాలజీ డిగ్రీ పెట్టమని నేను అడగడం లేదు. దానికి ఉద్యోగాలెక్కడ అని మా నాయన అడిగితే నేనూ తెల్లమొహం వేస్తాను. అడిగేది ఇంతే. నెలకొక శనివారం మధ్యాహ్నం రెండు వైపుల లేబులూ అందరికీ తెరవాలి. ఫైనలియర్ ప్రాజెక్టులో ఒక్క బాచ్ అయినా ఇద్దరు ఇటువాళ్లూ ఇద్దరు అటువాళ్లూ కలిసి చెయ్యాలి. లెక్చరర్లకు ఇది అదనపు చాకిరీ అని తెలుసు. అందుకే వచ్చే యూనియన్ పూచీ తీసుకుని, పగిలిన సామాను ఖర్చుకు కొంత సొమ్ము విడిగా వుంచాలి. గోడలమీది పోస్టర్ల ఖర్చులో నాలుగోవంతు చాలు.

మొదటి ప్రయోగం చినుకుదే చేద్దాం. సైన్సు బ్లాకు మూడంతస్తుల ఎత్తు పెద్ద చినుకు పూర్తి వేగం అందుకోవడానికి చాలదు, వాటర్ టాంకు మెట్లు ఎక్కాలి. బూడిదకు ఊరి బయట ఇటుకబట్టీలున్నాయి. హెయిర్ స్ప్రే డబ్బా నేను కొంటాను. గుంటలు కొలవడానికి బి.జెడ్.సి. వాళ్ల మైక్రోస్కోపు ఒకటి కావాలి. జూన్లో తొలకరి పడేలోగా దాని తాళంచెవి ఎవరి దగ్గర వుంటుందో చెబితే, నేనే వెళ్లి అడుగుతాను.