'అమెరికా వల్లే కాలేదు' అనేవాళ్లకి



మొన్న క్లాసులో దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం గురించి చెబుతుంటే ఒక విద్యార్థి లేచాడు. "సార్, మద్యనిషేధం అమెరికా వల్లే కాలేదు, మనవల్ల ఏమవుతుంది?" వాడి తప్పు కాదు. టీవీ చర్చల్లో పెద్దమనుషులు రోజూ చెప్పేది ఇదే.

1920 జనవరిలో అమలైంది, 1933 డిసెంబరులో రద్దయింది. మధ్యలో అల్ కపోన్, తుపాకులు. సినిమాకి బాగుంటుంది. కానీ చట్టం ఏం చెప్పిందో చూడండి. తయారీ, అమ్మకం, రవాణా నేరం. తాగడం నేరం కాదు! చట్టం రాకముందే కొని ఇంట్లో దాచుకున్నది దర్జాగా తాగొచ్చు. ఏళ్లకు సరిపడా కొని దాచుకునే స్తోమత ఏ కూలివాడికుంది?

ఆ ఉద్యమం పునాదిలోనే వర్ణవివక్ష ఉంది. మద్యవ్యతిరేక మహిళా సంఘం నాయకురాలు ఫ్రాన్సెస్ విలార్డ్ 1890లో పత్రికతో మాట్లాడుతూ, తాగిన నల్లవాళ్ల వల్ల తెల్ల స్త్రీలకు రక్షణ లేదన్నట్టు చెప్పింది. నల్లవాళ్లను చెట్లకు వేలాడదీసి చంపుతున్న కాలమది. చంపేవాళ్లు చెప్పుకునే సాకూ ఇదే. 1894లో ఐడా బి. వెల్స్ ఇంగ్లండ్‌లో ఆ ఇంటర్వ్యూని తిరిగి అచ్చువేయించి నిలదీసింది. మహిళా ఉద్యమం అనగానే విలార్డ్ పేరు చెప్పేవాళ్లు వెల్స్ పేరెందుకు మర్చిపోతారు?

చట్టం వచ్చాక కు క్లక్స్ క్లాన్ కూడా కాపలాదారు అవతారమెత్తింది. ఇల్లినాయ్ గనుల ప్రాంతంలో వలస వచ్చిన ఇటాలియన్ కార్మికుల ఇళ్లమీద పడి సోదాలు చేసింది.

ఇంకా ఘోరం ఉంది. ఫ్యాక్టరీల స్పిరిట్‌ని దొంగచాటుగా తాగడానికి అమ్ముతున్నారని తెలిసే, 1927లో ప్రభుత్వం అందులో మిథనాల్ మోతాదు పెంచింది. చచ్చేది చవక సరుకు కొనే పేదలేనని న్యూయార్క్‌లో శవపరీక్షల అధికారి చార్లెస్ నోరిస్ మొత్తుకున్నాడు. ధనికుల సీసాల్లో మంచి సరుకే ఉంది.

మరి రద్దు ఎందుకైంది? పేదల మీద జాలితోనా? మాంద్యంలో ఖజానా ఖాళీ. మద్యం పన్ను వస్తే తమ ఆదాయపన్ను తగ్గుతుందని డ్యూపాంట్ లాంటి కోటీశ్వరులు రద్దుకి డబ్బు గుమ్మరించారు. 1997లో మన దగ్గర నిషేధం ఎత్తేసినప్పుడూ ఖజానా పాటే విన్నాం కదా.

అమెరికాలో ఓడింది పైనుంచి కింది కులాలమీద పడిన నిషేధం. అవును, కులాలే అంటున్నాను. 1992లో నెల్లూరు జిల్లాలో లేచింది వేరు. మా వాడలో సారా ప్యాకెట్లు తగలబెట్టిన ఆడవాళ్లలో మా అమ్మ ఉంది. కొట్టు మూయమంది. మా నాయన్ని జైల్లో వెయ్యమనలేదు.