మిగిలిన కూర ఎవరి లెక్కలో?

ఇంట్లో ఆహారం వృథా కాకుండా చూసే మొబైల్ యాప్ తయారు చెయ్యడమంటే ఈమధ్య ఇంజినీరింగ్ చదివే పిల్లలకు మహా ఇష్టమైన ప్రాజెక్టు. మంచిదే, వద్దనేవాళ్లెవరు? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక చూస్తే గుండె గుభేలుమంటుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం చెత్తపాలైందట. అందులో నూటికి 60 పాళ్లు ఇళ్లలోంచి పోయిందే! హోటళ్లూ, దుకాణాలూ కలిపినా మిగతా 40 పాళ్లే. మన దేశంలో ఇళ్ల నుంచి పోయేది తలకి ఏడాదికి 55 కిలోలని ఆ నివేదిక అంచనా. తొక్కలు, ఎముకలు కూడా ఆ లెక్కలోవే అనుకోండి. అయినా నలుగురున్న ఇంటికి 220 కిలోలు!

మరి ఈ యాప్‌లు ఏం చేస్తాయి? సాధారణంగా వాటి తీరు ఇలా ఉంటుంది. సరుకులు తేగానే ప్యాకెట్ మీది బార్‌కోడ్‌ని ఫోనుకి చూపించాలి. ఏ తేదీలోగా వాడాలో నమోదు చెయ్యాలి. గడువు దగ్గరపడగానే ఫోను గంట కొట్టి హెచ్చరిస్తుంది. ఉన్నవాటితో ఏం వండుకోవచ్చో చెబుతుంది. పాల ప్యాకెట్టు, బ్రెడ్డు, పెరుగు డబ్బా వంటివాటికి ఇది పనికొస్తుంది. కానీ రైతుబజారులో కొన్న తోటకూర కట్టకి బార్‌కోడ్ ఎక్కడిది? నిన్నటి బెండకాయ కూర మీద గడువు తేదీ ఎవరు ముద్రించారు? పొంగి పులిసిపోయిన ఇడ్లీపిండి, అడుగున మిగిలిన సాంబారు, గిన్నెలో అన్నం... ఇవేవీ తేదీ వేసుకుని పుట్టవు.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ఇంటావిడ మరిచిపోవడం వల్లే అన్నీ పాడవుతున్నాయని ఈ యాప్‌లు ముందే అనేసుకుంటాయి. నిజానికి ఫ్రిజ్‌లో ఏ గిన్నె వెనక ఏ గిన్నె ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలం మనం. వాడిపోతున్న ములక్కాడని పులుసులో వెయ్యడం, బీరకాయ తొక్కుతో పచ్చడి చెయ్యడం, పులిసిన పిండితో పునుగులు వెయ్యడం, మిగిలిన అన్నానికి పోపు పెట్టడం... ఇవన్నీ ఫోను నేర్పాలా? మనకి తెలియనిది ఒక్కటే. రాత్రికి ఇంట్లో ఎవరు తింటారు?

ఏడింటికి బియ్యం కడిగి పెడతాం. ఎనిమిదింటికి ఆయన దగ్గర్నుంచి ఫోను, "మీటింగులో ఏదో పెట్టారు, నాకు ఆకలి లేదు" అని. తొమ్మిదింటికి అబ్బాయి వచ్చి, "ఫ్రెండ్స్‌తో తినేశానమ్మా" అంటాడు. మామగారేమో "కడుపులో బాగోలేదమ్మా, మజ్జిగ చాలు" అంటారు. విడివిడిగా చూస్తే ఇందులో ఎవరిదీ పెద్ద తప్పు కాదు. కానీ గ్లాసు బియ్యం ఉడికితే ఇంచుమించు మూడు గ్లాసుల అన్నం అవుతుంది కదా! ముగ్గురు చివరి నిమిషంలో చెయ్యి కడిగేసుకుంటే గిన్నెకి గిన్నె మిగిలిపోతుంది. అప్పుడు మన ఫోనులో గంట మోగి ఏం లాభం? మోగాల్సింది వాళ్ల ఫోన్లలో, అదీ బియ్యం కడగక ముందు!

ఆ మిగిలింది ఏమవుతుంది? అందరికీ తెలిసిన సంగతే గానీ ఎవరూ పైకి అనరు. మర్నాడు మధ్యాహ్నం ఇంటావిడ తింటుంది. అరణ్యవాసంలో సూర్యుడిచ్చిన అక్షయపాత్ర ఏరోజుకారోజు ద్రౌపది తినేదాకా నిండుతూనే ఉండేదట. మన గిన్నెలకి ఆ మహిమ రాలేదు గానీ, అందరి తర్వాత తినే ఆవిడ వరస మాత్రం మనకి సంక్రమించింది. "అయ్యో, పారెయ్యడమెందుకు" అంటూ నిన్నటి పప్పూ, మొన్నటి కూరా మన కంచంలోకే వస్తాయి. వేడివేడిగా వండింది వాళ్లకి, మిగిలింది మనకి!

ఇలాంటి ఇంట్లో యాప్ పెట్టారనుకోండి, చెత్తబుట్టలోకి ఏమీ వెళ్లలేదు కాబట్టి "శభాష్! ఈ వారం మీ ఇంట్లో వృథా సున్నా!" అని చప్పట్లు కొడుతుంది. ఆ సున్నా వెనక ఎవరి పొట్ట ఉందో దానికి తెలియదు. అసలు ఆ సంగతి అడగాలన్న ఆలోచన తయారుచేసినవాళ్లకి వస్తేగా!

పాడయ్యేదాన్ని తినడం పొదుపు కాదని కూడా యాప్ చెప్పాలి. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే వండిన రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టమంటారు. ప్యాకెట్ల మీద 'బెస్ట్ బిఫోర్' అని ఉంటే ఆ తేదీ దాటాక రుచీ, నాణ్యతా తగ్గవచ్చని అర్థం. 'యూజ్ బై' అని ఉంటే దాటాక వాడకూడదనే. ఈ రెండింటికీ ఒకే గంట కొడితే బాగున్నది పారేస్తాం, బాగోనిది తినేస్తాం. "ఇది తినొద్దమ్మా, పారెయ్యి" అని ధైర్యం చెప్పే మాట కూడా ఫోనులో ఉండాలి.

పంచుకోవడానికీ యాప్‌లు ఉన్నాయి. బ్రిటన్‌లో 2015లో మొదలైన 'ఓలియో' ఇరుగుపొరుగుల మధ్య మిగిలినవి పంచిపెట్టిస్తుంది. డెన్మార్క్‌లో అదే ఏడాది పుట్టిన 'టూ గుడ్ టు గో' దుకాణాల్లో మిగిలినవి తక్కువ ధరకి ఇప్పిస్తుంది. పక్కింటికి గిన్నె పంపడం మనకి కొత్తేమీ కాదు. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని పెద్దవాళ్లు చెబుతారు కూడా. కానీ మనింట్లో ఎవరూ ముట్టని రెండ్రోజుల కూర పనమ్మాయి చేతిలో పెట్టి, "దానం చేశాం" అని ఫోనులో నొక్కితే అది దానమవుతుందా? ఇవ్వదలుచుకుంటే వండినపూటే, "నీకు కావాలా?" అని అడిగి ఇవ్వాలి. వద్దనే హక్కు ఆమెకీ ఉంది.

కాబట్టి యాప్ రాసే పిల్లలకి నా విన్నపాలు కొన్ని. అది ఇంటావిడ ఒక్కదాని ఫోనులో కాకుండా ఇంటిల్లిపాది ఫోన్లలోనూ ఉండాలి. సాయంత్రం 5 గంటలకి అందరినీ అడగాలి: "రాత్రికి తింటారా, తినరా, కొంచెమే తింటారా?" ఫోను లేని పెద్దవాళ్ల తరఫున మరొకరు చెప్పవచ్చు. 6 దాకా జవాబివ్వని పెద్దమనుషులు తిననట్టే లెక్క! ఆనక వస్తే పెరుగన్నం వాళ్లే కలుపుకుంటారు. ఎంతమందో తేలాక ఎన్ని గ్లాసుల బియ్యమో అదే చెప్పాలి. బార్‌కోడ్ల జోలికి పోకుండా, తడిచేత్తో "గోంగూర రెండు కట్టలు" అని తెలుగులో అంటే రాసుకోవాలి. ఇక మిగిలిన కూరకి వంతులు వెయ్యాలి. ఇవాళ ఆయన, రేపు అమ్మాయి, ఎల్లుండి మనం. వృథా ఎంత అన్న లెక్క పక్కనే, మిగిలింది ఎవరు తిన్నారన్న లెక్కా కనిపించాలి.

"ఇంత చిన్నదానికి యాప్ ఎందుకు, నోటితో అడిగితే పోదా?" అనవచ్చు మీరు. అడుగుతూనే ఉన్నాం కదండీ ఇన్నేళ్లుగా! "చూద్దాంలే" అన్నదే జవాబు. ఆఫీసువాళ్లు పంపే మెసేజీకి నిమిషంలో బదులిచ్చేవాళ్లు వంటింటి ప్రశ్నకీ అలాగే బదులిస్తారేమో చూద్దాం. మీ ఇంట్లో ఇంజినీరింగ్ చదివే అబ్బాయో అమ్మాయో ఉంటే, ఈ ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఓ వారం రోజులు వంటింట్లో కూర్చోమనండి. ఆ వారం మిగిలిన కూర వంతు కూడా వాళ్లదేనని చెప్పండి. ఏమంటారు?