పెరటి కోళ్ల మేతలో మాంసకృత్తుల లెక్క

ప్రొద్దుటూరు: పల్లెల్లో పెరటి కోళ్లు ఆడవారి చేతి ఖర్చుకు ఆధారం. గుడ్లు అమ్మిన డబ్బు, పండుగకు పుంజును అమ్మిన డబ్బు పిల్లల పుస్తకాలకు, మందులకు అక్కరకు వస్తున్నాయి. అయితే కడుపు నిండా జొన్నలు చల్లుతున్నా పెట్టలు గుడ్లు తగ్గించడం, పిల్లలు ఎదగక గిడసబారి పోవడం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో కోళ్లు పెంచేవారికి కొత్త కాదు. తెగులు లేనప్పుడు కూడా ఇలా జరుగుతుంటే లోపం మేతలో వెతకాలి. ముఖ్యంగా మాంసకృత్తులు చాలుతున్నాయా అన్నది చూడాలి.

ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పెట్ట రోజుకు 100 గ్రాముల జొన్నలు తిన్నా దానికి అందేది 10 గ్రాములే. అందులో జీర్ణం కాకుండా పోయేది కొంత, ఒంటికి, ఈకలకు ఖర్చయ్యేది కొంత. ఇక గుడ్డుకు మిగిలేదెంత?

ఇదివరకు ఈ లోటును కళ్లాలు, పేడదిబ్బలు తీర్చేవి. పురుగులు, చెదలు, రాలిన పప్పుగింజలు ఏరుకుని కోళ్లు తమ మేత తామే సరిచేసుకునేవి. ఇప్పుడు నూర్పిళ్లు యంత్రాలతో జరుగుతున్నాయి. పెరళ్లకు సిమెంటు వచ్చింది. పైరుకు మందు కొట్టాక పురుగే ఉండదు. పైగా హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి రకాలు నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. వాటికి మేత కూడా ఆ మేరకు బలంగా ఉండాలి.

ఎంత కావాలి, ఎందులో ఎంత?

ఎనిమిది వారాల లోపు పిల్లలకు మేతలో నూటికి 20 వంతులు, ఎదిగే కోళ్లకు 16, గుడ్లు పెట్టే పెట్టలకు 16 నుంచి 18 వంతుల మాంసకృత్తులు కావాలి. జొన్నల్లో ఉన్నది 10 వంతులు. నూకల్లో 8, సద్దలు, కొర్రల్లో 11, తవుడులో 12 వరకు ఉంటాయి. చెనిక్కాయల చెక్కలో మాత్రం 42 వంతుల వరకు, పొద్దుతిరుగుడు చెక్కలో 30 వరకు, శనగల్లో 20 వరకు ఉంటాయి. గింజను బట్టి, గానుగను బట్టి ఈ అంకెలు కొంత మారుతాయి.

లెక్క కష్టమేమీ కాదు. 16 వంతుల మేత కావాలనుకుందాం. చెక్కలోని 42 నుంచి 16 తీసివేస్తే 26. అది జొన్నల పాలు. 16 నుంచి జొన్నల్లోని 10 తీసివేస్తే 6. అది చెక్క పాలు. అంటే 26 కిలోల జొన్నలకు 6 కిలోల చెక్క కలపాలి. అదే పిల్లలకు 20 వంతుల మేత కావాలంటే 22 కిలోల జొన్నలకు 10 కిలోల చెక్క పడుతుంది.

కొనేటప్పుడు కూడా కిలో ధర ఒక్కటే చూస్తే మోసపోతాము. జొన్నలు కిలో 30 రూపాయలు, చెక్క 50 రూపాయలు అనుకుంటే చెక్కే ఖరీదుగా కనిపిస్తుంది. కానీ 100 గ్రాముల మాంసకృత్తులు జొన్నల్లో 30 రూపాయలకు పడితే, చెక్కలో 12 రూపాయలకే పడుతున్నాయి.

చిరుతిండి చేసే నష్టం

సరిగా కలిపిన మేత పెట్టి కూడా, సాయంత్రం ప్రేమకొద్దీ నూకలు, మిగిలిన అన్నం చల్లడం పరిపాటి. 16 వంతుల మేత 80 గ్రాములు తిన్న పెట్టకు 20 గ్రాముల నూకలు వేస్తే మొత్తం మీద 14.4 వంతులకు పడిపోతుంది. పదిలో ఒక వంతుకు మించి ఇలాంటివి వేయరాదు. అంతగా వేయాలనిపిస్తే చెదలు మేలు. పాత కుండలో పేడ, తడిపిన సొప్ప కూరి చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లవారేసరికి చెదలు పడతాయి. అజోల్లా గురించి గొప్పగా చెబుతారు. ఎండబెడితే అందులో 22 వంతులకు పైగా ఉన్న మాట నిజమే. కానీ పచ్చిదాంట్లో ఎక్కువ భాగం నీరే. కిలో పచ్చి అజోల్లాలో ఉండేది 15 గ్రాములు మాత్రమే.

అంకె ఒక్కటే చాలదు

మాంసకృత్తులన్నీ ఒకటి కావు. జొన్నల్లో, చెనిక్కాయల చెక్కలో లైసిన్ అనే అంశం తక్కువ. శనగల్లో అది బాగా ఉంది. శనగల్లో కొరవడే మెథియోనిన్ పొద్దుతిరుగుడు, నువ్వుల చెక్కల్లో ఉంది. కాబట్టి ఒక్క చెక్కనే నమ్ముకోక జమ్మలమడుగు నల్లరేగళ్ల శనగ నూకను, పులివెందుల వైపు చెనిక్కాయల చెక్కను, దొరికితే కొంత నువ్వుల చెక్కను కలపడం మంచిది. పత్తి గింజల చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది గనుక దానిని కోళ్లకు పెట్టరాదు.

సంచీ మీద వేసే అంకె నత్రజనిని కొలిచి, 6.25తో హెచ్చించగా వచ్చినది. యూరియాలో నత్రజని 46 వంతులు. అందువల్ల చెక్క పొడిలో చిటికెడు యూరియా కలిపినా అంకె పెరుగుతుంది, కోడికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. తెలిసిన గానుగలో కళ్లెదుట తీసిన చెక్క కొనడమే దీనికి విరుగుడు.

అన్నిటికంటే పెద్ద ముప్పు బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం బూజు పట్టిన వేరుశనగ చెక్క అని తేలింది. ఆ విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. కాయలు కోతకు వచ్చే ముందు బెట్ట తగిలినా, కోశాక వాన తగిలినా ఈ బూజు పడుతుంది. ఈ రెండూ కడప జిల్లాకు తెలిసినవే. ఉడకబెట్టినా, వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. ముక్క వాసన వచ్చిన చెక్కను పారవేయాలే తప్ప కోళ్లకు పెట్టరాదు. నెలకు సరిపడా మాత్రమే కొని, నేలకు తగలకుండా బల్ల మీద ఆరిన సంచుల్లో ఉంచుకోవాలి.

ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. కోడిపిల్లలను పంచే పథకాలతో పాటు, పల్లెల్లోని చెక్క, దాణా నమూనాలను పరీక్షించి ఫలితం చెప్పే ఏర్పాటు కూడా చేస్తే పంచిన పిల్లలు గుడ్లు పెట్టేదాకా బతుకుతాయి. అంతవరకు తక్కెడ, కూడిక, తీసివేత తెలిసిన ప్రతి ఇల్లాలూ తన మేతను తానే సరిచేసుకోగలదు.