శ్రుతి పెంచితే గొంతు మారాలా?

మా నాన్నగారు పాడిన పద్యం ఒకటి పాత క్యాసెట్టులో మిగిలి ఉన్నది. దానికి తోడుగా హార్మోనియం వాయించాలని మా మనుమరాలు ముచ్చటపడింది. ఆయన పాడినది రెండు శ్రుతిలో. అమ్మాయి చేతికి అలవాటైనది నాలుగు శ్రుతి. కంప్యూటరు ఉండగా చింత ఏల అని, ఆడాసిటీలో ఆ పద్యాన్ని మూడు అర్ధస్వరాలు పైకి జరిపాను. శ్రుతి చక్కగా కుదిరింది. మా అమ్మ విని, "ఎవర్రా ఈ పిల్లవాడు?" అన్నది.

ఇందులోని కిటుకు, వర్ణాల ఉత్పత్తిస్థానాలు చదువుకున్న మనకు కొత్తది కాదు. నాదం కంఠంలో పుడుతుంది. అది అకారమో, ఇకారమో, ఉకారమో నిర్ణయించేది నాలుక, దవడ, పెదవుల అమరిక. మనిషి పై శ్రుతిలో పాడితే స్వరతంత్రుల కంపనం పెరుగుతుంది గాని నోరు కుంచించుకుపోదు. సాధారణమైన పిచ్ మార్పిడి ఈ భేదం ఎరుగదు. నాదాన్నీ, నోటి అనునాదాలనూ ఒకే నిష్పత్తిలో పెంచుతుంది. అర్ధస్వరానికి సుమారు 6 శాతం, మూడింటికి సుమారు 19 శాతం. అందుకే పెద్దవాడి గొంతు పసివాడిదయింది. ఆ అనునాదాలకే ఫార్మెంట్లని పేరు.

కనుక నా అభిప్రాయం ఇది. మానవకంఠాన్ని ఒకటి రెండు అర్ధస్వరాలకు మించి జరపవలసి వస్తే, ఫార్మెంట్లను నిలిపి ఉంచే రబ్బర్ బ్యాండ్ వంటి సాధనాన్నే ఆశ్రయించాలి. ఆడాసిటీ 'ఛేంజ్ పిచ్'లో హై క్వాలిటీ స్ట్రెచింగ్ ఎంచుకుంటే ధ్వని నునుపు తేలుతుంది; గొంతు వయస్సు మాత్రం తిరిగి రాదు. మార్చినదాన్నే మళ్లీ మళ్లీ మార్చకుండా, ప్రతిసారీ మూలప్రతి నుండి మొదలుపెట్టాలి. క్యాసెట్టు తప్పు వేగంతో తిరిగినందువల్లనే శ్రుతి తేడా వచ్చి ఉంటే చికిత్స వేరు. అప్పుడు వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చే 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్' వాడాలి. లఘువులూ గురువులూ ఒకే నిష్పత్తిలో మారుతాయి గనుక ఛందస్సుకు భంగం లేదు. అసలు గొంతూ తిరిగి వస్తుంది.

మీ ఇళ్లలోనూ ఇటువంటి క్యాసెట్లు ఉండవచ్చు. ఏ మార్పూ చేయక ముందే వాటిని వేవ్ ఫైళ్లుగా ఎక్కించి భద్రపరచండి.

చివరకు మా మనుమరాలు రెండు శ్రుతిలోనే వాయించడం సాధన చేసింది. పోయినవారు శ్రుతి మార్చుకోలేరు, ఉన్నవారం మార్చుకోగలం. ఈసారి అమ్మ ఏమీ అడగలేదు. మరొకసారి పెట్టమన్నది.